రంపం పంటి నుంచి మోటారు దాకా

పాత కోత మిషను మోటారు కాలిపోతే యజమాని విజయవాడ వచ్చి షాపు కౌంటరు ముందు నిలబడి అడిగే మొదటి మాట, "మూడు హెచ్‌పీ మోటారు ఎంతకిస్తారు?" ధర చెబుతారు, బేరం కుదురుతుంది, మోటారు ఆటో ఎక్కి కంకిపాడుకో గుడివాడకో వెళ్లిపోతుంది. అక్కడ పాత బేసు మీద పెట్టి చూస్తే బోల్టు బెజ్జాలు కలవవు. వెల్డింగ్‌తో కలుపుతారు. పుల్లీ షాఫ్టుకి పట్టదు. లేత్ మీద బెజ్జం పెద్దది చేయిస్తారు. స్విచ్ వేస్తే రంపం తిరుగుతుంది కాబట్టి అందరూ పని అయిపోయిందనే అనుకుంటారు. కొన్నాళ్లకి ఆ మోటారు వైండింగ్ షాపులో తేలుతుంది, లేదంటే కోసిన చెక్క అంచు నల్లగా మాడి వస్తుంటుంది, అదీ కాకపోతే మిషను దగ్గర నిలబడాలంటే మేస్త్రికి భయం పట్టుకుంటుంది.

హెచ్‌పీ అవసరం లేదని కాదు. అది మొదటి ప్రశ్న కాదు, అంతే. చెక్క మిషనుకి మోటారు ఎంచుకునేటప్పుడు లెక్క రంపం పంటి దగ్గర మొదలై, బ్లేడు ఇరుసు మీదుగా, పుల్లీ మీదుగా, బెల్టు మీదుగా వెనక్కి నడిచి మోటారు దగ్గర ముగియాలి. మోటారు ప్లేటు దగ్గర మొదలుపెట్టి ముందుకు నడిచే లెక్కలన్నీ ఎక్కడో ఒకచోట తప్పుతాయి.

దీనికి కారణం ఇండక్షన్ మోటారు స్వభావంలోనే ఉంది. 1888లో టెస్లా పేటెంట్లు వచ్చాక, ఆ వెంటనే డొలివో-డొబ్రొవోల్స్కీ త్రీఫేజ్ రూపంలో దాన్ని తీర్చిదిద్దాక, ఈ యంత్రం మూల సూత్రం మారలేదు. మూడు హెచ్‌పీ అని ప్లేటు మీద రాసి ఉంటే ఆ మోటారు ఎప్పుడూ మూడు హెచ్‌పీ ఇస్తుందని అర్థం కాదు. బ్లేడు ఎంత అడిగితే అంత ఇస్తుంది. ఖాళీగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు, ఐదు హెచ్‌పీల బరువు పడితే ఆ ఐదూ ఇవ్వడానికే చూస్తుంది. బండెద్దు మోయలేని బరువు పడితే మోకాళ్ల మీద కూలబడి చెబుతుంది. మోటారు మాత్రం కాస్త వేగం తగ్గి, కరెంటు ఎక్కువ లాగి, లోపల తీగ మీది వార్నిష్ మాడేదాకా చెప్పకుండా లాగుతూనే ఉంటుంది. ప్లేటు మీది హెచ్‌పీ అంటే రోజంతా ఆగకుండా ఇచ్చినా కాలకుండా ఉండే హద్దు మాత్రమే. తీగ వేడి ఆ హద్దు దాటి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్ల పాత లెక్క.

మరి పన్ను ఎంత అడుగుతుంది? దాదాపు రెండంగుళాల మందం కలప, సరిగ్గా 50 మిల్లీమీటర్లు అనుకుందాం. బ్లేడు కోసే గాటు వెడల్పు 3 మిల్లీమీటర్లు. మేస్త్రి నిమిషానికి మూడు మీటర్ల చొప్పున తోస్తున్నాడు. పొట్టుగా మారే కలప నిమిషానికి 450 ఘన సెంటీమీటర్లు, సెకనుకి ఏడున్నర. గట్టి ఎండు కలపలో ఒక్కో ఘన సెంటీమీటరుని పొట్టు చేయడానికి సుమారు 100 జౌళ్లు పడతాయి అనుకుంటే 750 వాట్లు, అంటే ఒక హెచ్‌పీ. తోపు వేగం రెట్టింపు చేస్తే రెండు హెచ్‌పీ. కలప మందం కూడా రెట్టింపయితే నాలుగు. మామిడి చెక్క ఇంతకంటే తక్కువ అడుగుతుంది, ఎండిన నల్లతుమ్మ ఎక్కువ అడుగుతుంది, మొద్దుబారిన పళ్లు అన్నిటికంటే ఎక్కువ అడుగుతాయి. అందుకే తలుపు చట్రాలు కోసుకునే చిన్న షెడ్డుకి రెండు హెచ్‌పీ చాలినా, ఆటోనగర్‌లో లారీ బాడీలకు మందపాటి పలకలు కోసేచోట అదే సైజు బ్లేడుకి ఐదు కావాల్సి వస్తుంది. ఆ రెండు చోట్లా మిషను ఒక్కటే అయి ఉండొచ్చు, కానీ దాని ముందు నిలబడే మనిషి తోపు వేరు. మోటారు కొనేముందు చూడాల్సింది ఆ తోపుని.

ఇక వేగం. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే ప్రాణాపాయం ఉన్నది ఇక్కడే.

మన కరెంటు సెకనుకి 50 పూర్తి ఆవర్తనాలు చేస్తుంది. అందువల్ల రెండు ధ్రువాల మోటారు నిమిషానికి 3000 చుట్లకు, నాలుగు ధ్రువాలది 1500కి, ఆరు ధ్రువాలది 1000కి కాస్త తక్కువగా తిరుగుతాయి. ప్లేట్ల మీద కనిపించే 2880, 1440, 960 అంకెలు అవే. ఆ కాస్త వెనుకబాటు లోపమేమీ కాదు. రోటరు వెనుకబడితేనే దానిలో కరెంటు పుడుతుంది, కరెంటు పుడితేనే తిప్పే బలం వస్తుంది.

300 మిల్లీమీటర్ల రంపం బ్లేడు నిమిషానికి 2880 చుట్లు తిరిగితే దాని పన్ను సెకనుకి 45 మీటర్ల వేగంతో కదులుతుంది. కలప కోతకి అది చక్కని వేగం. పాత మిషన్లలో మోటారు తరచుగా 1440ది ఉంటుంది, దాని మీద ఆరంగుళాల పుల్లీ, బ్లేడు ఇరుసు మీద మూడంగుళాల పుల్లీ పెట్టి వేగాన్ని రెట్టింపు చేసి ఉంటారు. ఇప్పుడు కౌంటరు మీద "మూడు హెచ్‌పీ" అన్న మాట ఒక్కటే పడి, దొరికింది కదా అని 2880 మోటారు ఇంటికి వచ్చిందనుకోండి. పాత పుల్లీలే బిగిస్తే బ్లేడు 5760 చుట్లు తిరుగుతుంది, పన్ను సెకనుకి 90 మీటర్లు దాటుతుంది. వేగం రెండింతలైతే బయటికి లాగే బలం నాలుగింతలు. రంపం బ్లేడయితే అలలు తేలి వణుకుతుంది. చిత్రిక పట్టే ప్లేనర్ అయితే ఇంకా ఘోరం, దాని దిమ్మెలో కత్తులు బోల్టుల పట్టు మీదే నిలిచి ఉంటాయి. ఆ బోల్టులు ఏ బలానికి లెక్క కట్టినవో ఆ లెక్కకి నాలుగింతలు పడితే కత్తి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి కొత్త మోటారు వేగం మారితే పుల్లీ మారాలి. అది మార్చే ఓపిక లేకపోతే పాత వేగమే కొనాలి.

బలం వైపు నుంచి కూడా ఇదే తేడా. మూడు హెచ్‌పీ 1440 మోటారు షాఫ్టు దగ్గర సుమారు 14.6 న్యూటన్ మీటర్ల మెలి ఇస్తుంది, అదే మూడు హెచ్‌పీ 2880ది దానిలో సగమే ఇస్తుంది. హెచ్‌పీ అంటే మెలిని వేగంతో గుణించిన అంకె. ఒకటి తెలియకుండా రెండోది చెప్పడం సగం చిరునామా చెప్పడమే.

వేగం కరెంటు తాలూకు ఆ 50 మీద ఆధారపడుతుందని పాత మేస్త్రీలకి పుస్తకం చదవకుండానే తెలుసు. 1990లలో దక్షిణాది గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ 48 దగ్గరకి జారిపోయే రోజులుండేవి. 1440 మోటారు 1380కి దిగేది, దానికి లో వోల్టేజీ తోడయ్యేది. 2003లో లభ్యత ఆధారిత టారిఫ్ వచ్చాక ఆ జారుడు తగ్గింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైను ద్వారా మన గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ 50 చుట్టూ అతి తక్కువ తేడాతో ఉంటోంది. అమెరికా నుంచి తిరిగొస్తూ అభిమానంగా టేబుల్ రంపం కంటెయినర్‌లో వేసుకొచ్చేవాళ్లకి మాత్రం సమస్య ఉంది. అక్కడిది 60, ఇక్కడిది 50. మోటారు ఆరింట ఐదు వంతుల వేగానికి దిగుతుంది, వోల్టేజీ సరిపోయినా లోపలి ఇనుములో అయస్కాంత క్షేత్రం 20 శాతం ఎక్కువై వేడెక్కుతుంది. మిషను ఉంచుకుని మోటారు ఇక్కడిది వేసుకోవడమే మంచిది, పుల్లీ లెక్క మళ్లీ వేసుకుని.

షెడ్డుకి త్రీఫేజ్ కనెక్షన్ ఉంటే సగం చిక్కు తీరినట్టే. త్రీఫేజ్ మోటారుకి కెపాసిటర్ ఉండదు, లోపల స్విచ్ ఉండదు, మెలి ఒకే తీరుగా వస్తుంది. సింగిల్ ఫేజ్ మోటారు మెలి సెకనుకి వంద సార్లు పెరిగి తగ్గుతుంటుంది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో సింగిల్ ఫేజ్ మీదే నడిపేవాళ్లు రెండు కెపాసిటర్లున్న మోటారు తీసుకోవాలి, ఒకటి స్టార్టింగ్‌కి, ఒకటి నడకకి. ఒక్క చిన్న కెపాసిటర్ ఉన్నది ఫ్యాన్లకు, బ్లోయర్లకు పనికొస్తుంది. బరువు మీద లేవలేక గుయ్ మంటూ నిలబడిపోతుంది.

సింగిల్ ఫేజ్‌లో ఇంకో మోసం ఉంది. ప్లేటు మీద "3 హెచ్‌పీ" అని దిట్టంగా ఉంటుంది. పక్కనే ఉన్న ఆంపియర్ల అంకె ఎవరూ చూడరు. ఒక హెచ్‌పీ 746 వాట్లు, మూడయితే 2238. ప్లేటు మీద 9 ఆంపియర్లని ఉంటే 230తో గుణించండి, 2070 వస్తుంది. లోపలికి వెళ్లేదే 2070 దాటకపోతే బయటికి 2238 ఎలా వస్తుంది? నిజమైన మూడు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నిండు లోడు మీద 14 నుంచి 18 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఈ గుణకారం సెల్‌ఫోన్‌లో పది సెకన్ల పని, కౌంటరు దగ్గరే చేయొచ్చు. రాగి తీగా, అల్యూమినియం తీగా అన్న ప్రశ్నకంటే ఇదే ముందు అడగదగ్గది.

సింగిల్ ఫేజ్ కరెంటునే త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే డ్రైవ్‌లు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. ఇక్కడ మన మోటార్లకి ఒక వెసులుబాటు ఉంది. మూడు హెచ్‌పీ దాకా మన దేశపు త్రీఫేజ్ మోటార్లు చాలావరకు 415 వోల్టులకి స్టార్‌లో కలిపి ఉంటాయి. 415ని మూడు వర్గమూలంతో భాగిస్తే 240. అంటే అదే మోటారు టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలు బయటికి ఉంటే, పత్తీలు మార్చి డెల్టాలో కలిపితే 230 వోల్టుల డ్రైవ్ మీద నిండు బలంతో తిరుగుతుంది. ఐదు హెచ్‌పీ నుంచి మామూలుగా 415కే డెల్టాలో ఉంటాయి కాబట్టి వాటికి ఈ దారి లేదు. మూత తీసి ఆరు కొసలున్నాయో లేదో చూశాకే డ్రైవ్ కొనాలి. వేగం మార్చుకోవాల్సిన లేత్‌కి డ్రైవ్ నిజంగా వరం. ఏటికొప్పాక బొమ్మల పనిలో అంకుడు కర్రకి లక్క పట్టించేది తరిమెన మీద తిరిగే కర్ర రాపిడి వేడే. అక్కడ వేగం చేతిలో ఉండాలి. కొండపల్లిలో తెల్లపొణికితో బొమ్మలు చెక్కేవాళ్లకి మాత్రం ఈ గొడవంతా ప్రధానం కాదు, అది చేతి పని.

వోల్టేజీ సంగతి కృష్ణా డెల్టా ప్రాంతంలో ప్రత్యేకం. కైకలూరు, ముదినేపల్లి వైపు చెరువుల్లో ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగే రాత్రుల్లో లైను చివర ఉన్న షెడ్డుకి ఎంత వస్తుందో మల్టీమీటరు పెట్టి చూసుకోవాలి. మోటారు మెలి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 80 శాతానికి పడితే లేచే బలం 64 శాతానికి పడుతుంది. అలాంటి చోట ఒక మెట్టు పెద్ద మోటారు తీసుకోవడం దుబారా అనిపించదు నాకు.

బ్యాండ్ రంపానికి ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. దాని పోత ఇనుము చక్రాలు కోతకి అడిగేదానికంటే లేవడానికే ఎక్కువ అడుగుతాయి. ఇందులో భౌతికశాస్త్రం ఒక విచిత్రం దాచి ఉంచింది. ఆగి ఉన్న చక్రాన్ని నేరుగా లైను మీద వేసి నిండు వేగానికి తెచ్చేలోపు, చక్రంలో ఎంత శక్తి చేరిందో సరిగ్గా అంత శక్తి మోటారు రోటరులో వేడిగా మారుతుంది. స్టార్-డెల్టా స్టార్టరు పెట్టినా రోటరులో ఆ వేడి తగ్గదు, సమయం సాగుతుంది, అంతే. కరెంటు పోతూ వస్తూ ఉన్న మధ్యాహ్నం పది నిమిషాల్లో ఆరుసార్లు లేపిన బ్యాండ్ రంపం మోటారు ఒక్క చెక్క కూడా కోయకుండానే మాడొచ్చు.

ఇన్ని లెక్కలు కుదిరాక మోటారు ఒళ్లు చూడాలి. ఇప్పటి మోటార్లకి ఫ్రేము నంబరు ఉంటుంది. పాదాల నుంచి షాఫ్టు మధ్య దాకా మిల్లీమీటర్లలో ఎత్తే ఆ నంబరు. మూడు హెచ్‌పీ 1440 మోటారు మామూలుగా 100 ఫ్రేములో, 28 మిల్లీమీటర్ల షాఫ్టుతో వస్తుంది. అదే హెచ్‌పీ 2880ది 90 ఫ్రేములో, 24 మిల్లీమీటర్ల షాఫ్టుతో. పాత ఇంగ్లీషు మిషన్లు అంగుళాల కొలతలవి. ఒకటింబావు కంటే కాస్త తక్కువ, ఒకటీ ఎనిమిదో వంతు అంగుళాల బెజ్జం ఉన్న పుల్లీ 28 షాఫ్టు మీద హాయిగా దిగుతుంది. మోసం అక్కడే. ఆ బెజ్జం 28.6, అర మిల్లీమీటరు పైగా వదులు. రేకుముక్క చుట్టి బిగిస్తే పుల్లీ పక్కకి కూర్చుని, ప్రతి చుట్టుకీ బేరింగుని కొడుతుంది. కొత్త పుల్లీ ధర బేరింగులు, షాఫ్టు మరమ్మతు ధరతో పోలిస్తే చిల్లర. పాత మిషను పట్టా బెల్టుది అయితే, వీ బెల్టుకి మార్చినప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. పట్టా బెల్టు చెక్క బిగుసుకుంటే జారేది, ఆ జారుడే మోటారుకి రక్ష. వీ బెల్టు అంత తేలిగ్గా జారదు.

సెకండ్‌హ్యాండ్‌లో వెతికేవాళ్లకి ఒక మాట. పొలం మోనోబ్లాక్ పంపుల మోటారు దొరుకుతుంది, చవక, కానీ దాని షాఫ్టు నేరుగా పంపు చక్రానికే బిగిసి ఉంటుంది, పక్కకి లాగే బెల్టు బరువుకి తయారైంది కాదు. ఏరియేటర్ మోటార్లు డెల్టాలో గుట్టలుగా ఉన్నా వాటిలో చాలా వాటికి పాదాలుండవు, ముందు వైపు ఫ్లాంజితో గేర్‌బాక్సుకి బిగించేవి. చెక్క మిషనుకి అచ్చంగా సరిపోయేది పిండిమర మోటారు. 1440 వేగం, పాదాలు, బెల్టుకి తగ్గ షాఫ్టు, దుమ్ములో గంటల కొద్దీ తిరగడానికి మూసిన ఒళ్లు.

మూసిన ఒళ్లు అన్నది చిన్న విషయం కాదు. పాతకాలపు చాలా మోటార్లకి గాలి దూరే కిటికీలుండేవి. రంపపు పొట్టు ఆ కిటికీల్లోంచి దూరి తీగల మీద దుప్పటి కప్పుతుంది, వేడి బయటికి పోదు, పైగా ఆ పొట్టు మండే సరుకు. ఐపీ54 లేదా ఐపీ55 అని ప్లేటు మీద ఉన్నదే తీసుకోవాలి. బందరు వైపు ఉప్పుగాలి షెడ్లకైతే అదీ కనీసం.

కొత్త మోటారు పాతదానిలో సగం బరువుండటం చూసి పెదవి విరిచేవాళ్లున్నారు. ఎన్‌జీఈఎఫ్ లాంటి, ఇప్పుడు లేని కంపెనీల మోటార్ల బరువు అలవాటైన చేతులవి. అప్పటి ఇన్సులేషన్ 105, 120 డిగ్రీలకి మించి ఓర్చుకోలేదు, అందుకే ఇనుము, రాగి ఎక్కువ పోసి చల్లగా నడిపారు. ఇప్పటి ఎఫ్ తరగతి ఇన్సులేషన్ 155 డిగ్రీలు ఓర్చుకుంటుంది, కాబట్టి చిన్న ఒంట్లో వేడిగా నడుస్తుంది. పైన చేయి ఆనించలేకపోయినంత మాత్రాన కొత్త మోటారు చెడిపోయినట్టు కాదు. పాత మోటారయితే అదే వేడి నిజంగా హెచ్చరిక.

మరి పాతదాన్నే వైండింగ్ చేయించుకుంటే? మిషను కొలతలు అంగుళాలవై, షాఫ్టు ప్రత్యేకమైనదైతే, మోటారు ఇరుసు మీదే బ్లేడు ఉన్నదైతే అదే ఉత్తమం. షరతు ఒక్కటే. కాలిన తీగని ఊడదీయడానికి గ్యాసు మంటతో స్టేటరుని ఎర్రగా కాల్చకూడదు. ఇనుప రేకుల మధ్య పలుచటి పూత పోతే ఆ మోటారు ఖాళీగా తిరిగినా వేడెక్కుతూనే ఉంటుంది. రోజంతా నడిచే మిషనైతే కొత్తది తీసుకోవడమే లాభం. ఐఎస్ 12615 ప్రకారం మూడు హెచ్‌పీ ఐఈ3 మోటారు సామర్థ్యం 86.7 శాతం. వారానికి నాలుగు గంటలు తిరిగే మిషనుకి మాత్రం ఆ శాతాల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు ఈ ప్రశ్నే ఇంకో రూపంలో వచ్చింది. నీళ్లలో నానిన మోటారు చచ్చిపోయినట్టేనా? చాలాసార్లు కాదు. నీళ్లు దిగగానే ఆత్రంగా స్విచ్ వేస్తేనే చస్తుంది. విప్పి, బురదని మంచినీళ్లతో కడిగి, 80, 90 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, మెగ్గర్ పెట్టి చూడాలి. తీగకీ ఒంటికీ మధ్య ఇన్సులేషన్ ఒకటిన్నర, రెండు మెగోమ్‌లు దాటి నిలకడగా ఉంటే వార్నిష్ పట్టించి, బేరింగులు మార్చి వాడుకోవచ్చు. బురదనీటిలో నానిన బేరింగు కడిగి వాడటం మాత్రం పొదుపు కాదు.

చివరగా స్టార్టరు. కరెంటు రాగానే పంపు దానంతటదే లేవడానికి రైతులు పెట్టుకునే ఆటో స్టార్టరు చెక్క మిషను దగ్గరికి రాకూడదు. కరెంటు పోయిందని బ్లేడు మీద చేయి పెట్టి పొట్టు తుడుస్తున్న మనిషికి అది ఏ క్షణాన లేస్తుందో తెలియదు. కరెంటు పోతే తానే విడిపోయి, ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప లేవని డీఓఎల్ స్టార్టరే కావాలి. మోటారు బిగించాక క్లాంప్ మీటరుతో మూడు ఫేజులూ చూడాలి. ఖాళీగా తిరిగేటప్పుడు ప్లేటు కరెంటులో ఇంచుమించు సగం ఉండొచ్చు, మూడింటి మధ్య తేడా మాత్రం పెద్దగా ఉండకూడదు. మీరు కోసే వాటిలో అతి గట్టి చెక్క పెట్టి మళ్లీ చూడాలి. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేని ప్లేటు మీది ఆంపియర్ల దగ్గరే నిలపాలి. 415 వోల్టుల మూడు హెచ్‌పీ మోటారుకి అది నాలుగున్నర చుట్టూ ఉంటుంది. పాత పది హెచ్‌పీ మోటారుకి వాడిన రిలే డయల్ అంత కిందికి దిగదు, కనుక మోటారుతో పాటు రిలేని కూడా కొనుక్కురావాలి.